మూడో నంబరు సీసా

ఎర్రలంక, నాగాయలంక మండలం
3 ఫిబ్రవరి 2025

ప్రియమైన వసుంధరకు,

దయామణి వందనాలు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటి, ఈవిడకి మళ్ళీ తెలుగు పండితమ్మ పూనిందా అనుకోకు. మా ఆయన సంగతి నీకు తెలుసు. నా ఫోను మోగితే ఆయనే తీసి, స్పీకరు పెట్టి నాకిచ్చి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఉత్తరం మాత్రం ముట్టుకోరు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవడం దొంగతనంతో సమానమని ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకి చెప్పిన మనిషి. అందుకని ఇలా.

నువ్వు కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరయ్యావు కదా, నాకో సాయం కావాలి. మా జెనిఫర్‌కి ఏడో నెల. వచ్చే నెలలో బందరు నుంచి పురిటికి తీసుకొస్తున్నాం. మా ఊళ్ళో మూడు రకాల నీళ్ళున్నాయి. కాలవ వదిలినప్పుడు నింపుకునే మంచినీళ్ళ చెరువు ఒకటి. పంచాయతీ బోరు ఒకటి. సముద్రం దగ్గర కదా, ఆ నీళ్ళతో పప్పు పెడితే ఎంతసేపటికీ పలుకు పలుకుగానే ఉంటుంది. మూడోది మా చర్చి ఆవరణలో పెట్టిన ఫిల్టరు ప్లాంటు. దాని బాగోగులు చూసేది మా ఆయనే.

పిల్లకి ఏ నీళ్ళు పొయ్యాలి? మంచినీళ్ళు అని పేరుంది కాబట్టి మంచివే అనుకుంటూ ఇంతకాలం గడిపేశాం. నిజంగా ఏవి మంచివో కనుక్కోవాలని ఉంది. ఆయన్నడిగితే ప్లాంటు నీళ్ళేనంటారు. అందుకే నిన్నడుగుతున్నాను.

నీ
దయ

*

గుడివాడ
8 ఫిబ్రవరి

దయా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషపడ్డానో. రిటైరయ్యాక నన్ను కెమిస్ట్రీ అడిగినవాళ్ళు లేరు. అడిగితే గిడితే పట్టుచీర మీద నూనె మరక ఎలా పోతుందని అడుగుతారు. కానీ నా పరీక్షలు నేను మానలేదు. వంటింటి అలమారలో ఒక అర నాది. మా ఆయన శేషాచలం గారు దాన్ని విషాల అర అంటారు. కాఫీపొడి డబ్బా పొరపాటున కూడా ఆ దరిదాపులకి రాకుండా కాపలా కాస్తారు.

బస్సు పార్శిల్లో మూడు సీసాలు పంపుతున్నాను. నీళ్ళలో మరగబెట్టి మూత బిగించాను. నీళ్ళు పట్టే క్షణం దాకా మూత తియ్యకు. లోపల వేలు పెట్టకు. ముఖ్యంగా కడగకు, నీ శుభ్రం నాకు తెలుసు. పొద్దున్నే పట్టి, ఐసుముక్కల మధ్య పెట్టి అవనిగడ్డలో మొదటి బస్సుకి ఇస్తే, చల్లపల్లి, పామర్రు మీదుగా మధ్యాహ్నానికి నాకు అందుతాయి. సీసాల మీద ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వెయ్యి. ఏది ఎక్కడిదో నాకు చెప్పకు. చెప్తే నా కళ్ళు నేను చూడాలనుకున్నదే చూస్తాయి.

మూడు చూస్తాను. ఉప్పు ఒకటి. ఎరువుల నుంచీ మురుగు నుంచీ దిగే నైట్రేటు రెండోది. మూడోదే అసలుది. నా దగ్గర చిన్న బుడ్లున్నాయి, అడుగున మందు పూసిన కాగితం ఉంటుంది. నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు ఉన్నపక్షంలో బుడ్డి నల్లబడుతుంది. లేకపోతే రంగు మారదు. ఎవరి మాటా వినని పరీక్ష.

పోలికకి మా కుళాయి నీళ్ళు నాలుగో నంబరుగా కలుపుతాను. మా మునిసిపాలిటీ పరువు ఎంతో అదీ తేలుతుంది.

వసు

*

ఎర్రలంక
17 ఫిబ్రవరి

వసూ,

సీసాలు ఈ పొద్దున్నే పంపేశాను. నంబర్లు మాత్రమే వేశాను. కడగలేదు, ఒట్టు. అవనిగడ్డ దాకా నేనే వెళ్ళి పార్శిల్ వేశాను. చీరలు కొనుక్కోవడానికి వెళ్తున్నానని ఆయనకి చెప్పాను, కాబట్టి ఇప్పుడు ఒక చీర కూడా కొనాల్సొచ్చింది. ఆకుపచ్చది.

మా ఊరి నీళ్ళు మీ ఇంటికి వస్తున్నాయంటే ఏదోలా ఉంది.

దయ

*

గుడివాడ
22 ఫిబ్రవరి

దయా,

ముందు నాలుగో నంబరు సంగతి చెప్పనీ. మా కుళాయి దగ్గర పట్టిన నీళ్ళు శుభ్రం. అవే నీళ్ళు మా వంటింటి డ్రమ్ములోంచి తీసి పోస్తే బుడ్డి నల్లబడింది. శేషాచలం గారు గ్లాసుతోపాటు మణికట్టు దాకా ముంచి తీస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్తున్నాను. ఇప్పుడు ఆ నల్లబుడ్డిని ఆయన పేపరు పక్కన పెట్టాను. ఆ రోజు నుంచి గరిటెతో తోడుకుంటున్నారు.

ఇక మీవి. రెండో నంబరు మీ బోరని నంబరు చూడకుండానే చెప్పగలను. లవణాలు లీటరుకి రెండువేల మూడొందల మిల్లీగ్రాములు. అయిదొందలు దాటితేనే బాగుండదంటారు. సూక్ష్మజీవుల జాడ లేదు గానీ, ఉప్పు కాస్తే పోదు. నీళ్ళు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. నైట్రేటు దేంట్లోనూ హద్దు దాటలేదు. చుట్టూ రొయ్యల చెరువులున్నాయని భయపడ్డాను, ఆ దిగులు లేదు.

వింతేమిటంటే మిగతా రెండూ. మూడో నంబరులో లవణాలు యాభై అయిదు. అంత తక్కువ ఫిల్టరు ప్లాంటు నీళ్ళకే ఉంటుంది. అది మర్నాటికల్లా నల్లబడింది. ఒకటో నంబరులో మూడొందల తొంభై, అంటే కాలవ నీళ్ళు, మీ చెరువు. రెండు రోజులుంచినా దానికి రంగు రాలేదు. గేదెలూ బాతులూ దిగే చెరువులో సూక్ష్మజీవులే లేవంటే నేను నమ్మను. సీసాలు తారుమారయ్యాయా అనుకుందామంటే, ఉప్పు లెక్క అలా అనుకోనివ్వడం లేదు. పరీక్ష మళ్ళీ చేశాను. అదే ఫలితం.

నువ్వు ఏదో చేశావు. ఏం చేశావో రాయి.

వసు

*

ఎర్రలంక
27 ఫిబ్రవరి

వసూ,

చేశాను. తిట్టకుండా చదువు. చెరువు నీళ్ళలో పటిక తిప్పి, తేరాక వడగట్టి, పొంగేదాకా కాచి, మూతపెట్టి చల్లార్చి అప్పుడు నీ సీసాలో పోశాను. ఈ రోజుల్లో మా చెరువు పచ్చగా ఉంటుంది. ఆ రంగు నీళ్ళు మీ ఇంటికి పంపడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంకెవరింటికైనా అయితే పంపేదాన్నేమో. డిగ్రీ రెండో ఏడు దసరా సెలవులకి బందరు హాస్టల్ నుంచి నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళావు. మీ అమ్మగారు కడుపునిండా అన్నం పెట్టారు, అది మర్చిపోలేదు. నీళ్ళు మాత్రం ఒక గాజుగ్లాసులో ఇచ్చి, తాగాక వసారా గూట్లో బోర్లించమన్నారు. ఉన్న నాలుగు రోజులూ నా గ్లాసు ఆ గూట్లోనే ఉంది. ఇప్పుడు నిన్ననడానికి రాయడంలేదు. సీసా చేతిలోకి తీసుకోగానే ఆ గూడు గుర్తొచ్చింది. దయామణి ఊరి నీళ్ళు మురికివని మీ ఇంట్లో రుజువు కాకూడదనుకున్నాను. అరవై రెండేళ్ళొచ్చినా నాకా పట్టింపు పోలేదు చూడు.

ఇంకో సంగతి కూడా దాచాను. జెనిఫర్‌కి ఇది మొదటి కాన్పు కాదు. రెండేళ్ళ కిందట అయిదో నెలలో వచ్చి మా దగ్గర నెలరోజులుంది. బందరు వెళ్ళిన మూడు వారాలకి పచ్చకామెర్లు. పిల్ల బతికింది, బిడ్డ దక్కలేదు. తాగిన నీళ్ళ వల్ల కావచ్చని డాక్టరమ్మ అంది. ఆ రోజు నుంచి మా ఆయన చెరువుగట్టు మీదుగా నడవడం మానేశారు. ఎనిమిది నెలలు తిరిగి, అందర్నీ అడిగి ప్లాంటు తెచ్చారు. దానికి ఎవరి పేరూ పెట్టలేదు. ఎవరి కోసం పెట్టారో మా ఇద్దరికీ తెలుసు.

ఆయన దగ్గర నీళ్ళలో ముంచే పెన్నులాంటిది ఒకటుంది. టిన్ను పట్టుకెళ్ళడానికొచ్చిన ప్రతివాళ్ళకీ ముంచి యాభై అయిదు చూపిస్తారు. అలాంటి మనిషికి నీ మూడో నంబరు సంగతి ఎలా చెప్పమంటావు?

దయ

*

గుడివాడ
6 మార్చి

దయా,

ఆ గ్లాసు నేను చూశాను. మొదటిరోజే చూశాను. అమ్మతో ఒక్క మాట అనలేదు, నీతోనూ అనలేదు. నువ్వు గమనించలేదులే అని నాకు నేను చెప్పుకుని, ఇన్నేళ్ళూ అదే చెప్పుకుంటూ వచ్చాను. నువ్వు గమనించావు. నాకు చాలా సిగ్గుగా ఉంది. అమ్మ పోయి పన్నెండేళ్ళయింది, కాబట్టి క్షమించమని అడగాల్సింది నేనే. అడుగుతున్నాను.

ఇప్పుడు నీళ్ళు. నువ్వు చేసిన పని పరీక్షని పాడుచేసింది గానీ, నీ ప్రశ్నకి జవాబిచ్చింది. నా దగ్గరికొచ్చిన మీ ఊరి నీళ్ళన్నిట్లో జెనిఫర్‌కి పొయ్యదగ్గవి నువ్వు మర్యాద కోసం కాచిన చెరువు నీళ్ళే. ఒకటి గుర్తుంచుకో, కామెర్లు తెచ్చే వైరస్ నా బుడ్డిలో కనపడదు. మలం కలిసిందో లేదో మాత్రమే అది చెప్తుంది. కలిసిన నీళ్ళయితే కాచకుండా తాగొద్దు, అంతే నేను చెప్పగలిగేది.

అన్నయ్యగారి పెన్ను అబద్ధమాడటంలేదు. అది ఉప్పుని చూస్తుంది. సూక్ష్మజీవిని చూడటం దానికి చేతకాదు. ఇది తెలియక మోసపోతున్నవాళ్ళు మా గుడివాడలో ఇంటికొకరున్నారు.

కానీ ప్లాంటు లోపల అంత సన్నని పొరల్లోంచి పిండిన నీళ్ళలోకి అవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? నిద్ర పట్టనివ్వడంలేదు నన్నీ ప్రశ్న. మోటారు దగ్గర్నుంచి టిన్నులో పడేదాకా ఏముందో, కళ్ళులేనిదానికి చెప్పినట్టు రాయి. చెరువు నీళ్ళు కూడా ఈసారి ఉన్నవి ఉన్నట్టు పంపు. ఎంత పచ్చగా ఉంటే అంత మంచిది.

వసు

*

ఎర్రలంక
14 మార్చి

వసూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. ఆ సంగతి ఇక మన మధ్య లేదు. నా మనసు కూడా తేలికపడింది.

జెనిఫర్ వచ్చింది. రోజూ పొద్దున్నే ఆయన ప్లాంటు నుంచి టిన్ను భుజాన పెట్టుకొచ్చి, "ఇది పిల్లకి, వేరేవాళ్ళు ముట్టుకోవద్దు," అని వంటింట్లో పెడతారు. ఆయన బయటికెళ్ళగానే ఆ నీళ్ళు అంట్లకి వాడేసి, కాచి చల్లార్చిన చెరువు నీళ్ళు అందులో నింపుతున్నాను. దొంగపని చేస్తున్నట్టే ఉంది. పిల్లకి తెలుసు. అది నోరు విప్పదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కాలవ నీళ్ళు నల్లటి ట్యాంకులోకి ఎక్కుతాయి. అక్కణ్ణుంచి రెండు ఇసక డబ్బాలు, తర్వాత పొడుగు గొట్టాలు, తర్వాత స్టీలు ట్యాంకు. దాని మూత ఎప్పుడూ వేసే ఉంటుంది, నెలకోసారి బ్లీచింగ్ వేసి కడుగుతారు. చివర కుళాయి. కుళాయి మూతికి తెల్లగుడ్డ. ఆ గుడ్డంటే ఆయనకి ఎంత శ్రద్ధో. మా ఊళ్ళో ఏ కుళాయికైనా గుడ్డ కట్టందే నీళ్ళు పట్టరు, నలక పడుతుందని. ఈయన మెత్తటి పంచె చింపి, ఉతికి, ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు కొత్తది కడతారు. గుడ్డ మీద మళ్ళీ గుడ్డ, రెండు మడతలు. ఇంతకన్నా శుభ్రం ఎవరు చేస్తారు?

పచ్చ సీసా పంపాను. ముక్కు మూసుకుని మరీ మూత బిగించాను.

దయ

*

గుడివాడ
18 మార్చి

దయా,

పచ్చ సీసా నన్ను నిరాశపరచలేదు. పన్నెండు గంటలు గడవకముందే తారులా అయింది. నా మనసు కుదుటపడింది.

నాకు గుడ్డ మీద అనుమానంగా ఉంది. వారం పొడుగునా తడిసి ఉంటుంది. పట్టుకున్న ప్రతివాళ్ళూ చేత్తో సర్దుతారు. క్లోరిన్ కూడా లేని నీళ్ళాయె. రెండు సీసాలు పంపుతున్నాను. గుడ్డ మీదుగా ఒకటి పట్టు. గుడ్డ విప్పి, కుళాయి మూతి స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, కాసేపు నీళ్ళు వదిలి రెండోది పట్టు.

ఇంకో మాట. నీ కూతురికి కాచి పోస్తున్నావు, సంతోషం. ఆ ప్లాంటు నీళ్ళు ఎన్ని ఇళ్ళకి వెళ్తాయి? ఆ ఇళ్ళల్లో కడుపుతో ఉన్నవాళ్ళు లేరా?

వసు

*

ఎర్రలంక
24 మార్చి

వసుంధరా,

నూట పది ఇళ్ళు. ఇద్దరు గర్భిణులు, పద్నాలుగు మంది చంటిపిల్లలు. ఎంత తేలిగ్గా అడిగేశావు. ఆ గుడ్డ కట్టే చేతుల్ని నువ్వు చూళ్ళేదు. ఆసుపత్రి నుంచి అవి ఖాళీగా తిరిగొచ్చిన రోజు కూడా చూళ్ళేదు. పరీక్ష చేసేవాళ్ళకి బుడ్డి నల్లబడుతుంది, అంతే. ఇక్కడ మనిషి కూలిపోతాడు.

సీసాలు పంపాను. కోపంగానే పట్టాను, కానీ నువ్వు చెప్పినట్టే పట్టాను.

దయామణి

*

గుడివాడ
27 మార్చి

దయా,

గుడ్డ మీదుగా పట్టింది నల్లబడింది. గుడ్డ లేనిది మూడోరోజుకీ రంగు మారలేదు.

ప్లాంటుకి ఏ లోపమూ లేదు. ఆయన కష్టం వృథా కాలేదు. నూట పది ఇళ్ళకీ అడ్డం ఆ జానెడు గుడ్డే. రెండు బుడ్లూ సీలువేసి పంపుతున్నాను. చెప్పాల్సింది నువ్వే. నేను ఫోన్ చేసి చెప్పగలను, ఆయన స్పీకరు పెట్టుకుని వింటారు కూడా. కానీ పరాయిదాని నోటి నుంచి వింటే నిజంగానే కూలిపోతారు.

కోపం తగ్గాకే రాయి. నేనుంటాను.

వసు

*

ఎర్రలంక
16 ఏప్రిల్

వసూ,

చెప్పాను. పన్నెండు రోజులు ఆ బుడ్లు నా బీరువాలో, కొత్త ఆకుపచ్చ చీర మడతలో ఉన్నాయి. మొన్న శనివారం సాయంత్రం ఆయన గుడ్డ చింపుకుంటుంటే వెళ్ళి ప్లాంటు అరుగు మీద రెండూ పెట్టాను.

"ఏంటిది?" అన్నారు.

"నల్లది మీ గుడ్డలోంచి వచ్చిన నీళ్ళండి. రెండోది గుడ్డ తీసేసి పట్టింది. వసుంధర చూసింది."

చాలాసేపు రెండిటినీ వెలుతురుకి ఎత్తి చూశారు. పెన్ను తీశారు, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"నీళ్ళ సంగతి ఫిబ్రవరి నించి. గుడ్డ సంగతి మొన్న."

"పిల్లకి?"

"వచ్చిన రోజు నించీ కాచిన నీళ్ళే పోస్తన్నానండి. మీ టిన్ను నీళ్ళు అంట్లకి పోయినయ్యి."

అరుగు మీద కూర్చుండిపోయారు. నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. "అయితే అప్పుడు కూడా చెరువుది తప్పు కాదేమో దయా. మనం కాచి పొయ్యకపోవడమేనేమో," అన్నారు. ఆనాటి నీళ్ళు ఇప్పుడెవరూ పరీక్ష చెయ్యలేరండీ, అన్నాను. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం. రెండేళ్ళుగా ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చినవాళ్ళం, కలిసి ఏడవడం అదే మొదలు.

మర్నాడు మట్టల ఆదివారం, ఈస్టరుకి ముందుది. సాక్ష్యాలు చెప్పే వేళకి ఆయన లేచి నిలబడ్డారు. ప్రభువు చేసిన మేలు చెప్తారని అందరూ చూస్తున్నారు. ఆయన జేబులోంచి గుడ్డ తీసి, "ఇన్నాళ్ళూ మీకు మంచి చేస్తన్నాననుకుని నేను కట్టింది ఇది," అని మొదలుపెట్టి, బళ్ళో పాఠం చెప్పినట్టు మొత్తం చెప్పారు. బుడ్లు వరసల్లో అందరి చేతులకీ ఇచ్చి పంపారు. నా పేరు చెప్పలేదు, తనదే చెప్పుకున్నారు. తర్వాత వెనకనుంచి అబ్రహాము లేచి, "అయితే రేపు నీళ్ళు ఇస్తారా లేదా మాస్టారూ?" అన్నాడు.

"ఇస్తాను. గుడ్డ ఉండదు. చంటిపిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ మాత్రం ఏ నీళ్ళయినా కాచి పొయ్యండి."

సోమవారం నుంచి జనం మామూలుగానే వస్తున్నారు. గుడ్డ లేకపోతే కుళాయి చూడ్డానికి బాగోలేదని అనసూయమ్మ గొణిగింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. నీమీద కోపగించుకున్నందుకు ఏమనుకోకు.

దయ

*

మచిలీపట్నం
9 మే

వసూ,

ఆడపిల్ల. నిన్న మధ్యాహ్నం, ప్రభుత్వాసుపత్రిలో. రెండు కిలోల తొమ్మిదొందలు. తల్లీ బిడ్డా క్షేమం. తేదీ దగ్గరపడ్డాక డాక్టరమ్మ ఇక్కడే ఉండమంది, అందుకని వారం ముందే వచ్చి అల్లుడు ఉదయ్ కిరణ్ వాళ్ళింట్లో దిగాం. అల్లుడు కారిడార్లో నిలబడి కనపడ్డవాళ్ళందరికీ మిఠాయి పంచుతున్నాడు.

నీకు రాయాల్సింది ఇంకోటుంది. జెనిఫర్ కళ్ళు తెరవగానే మంచినీళ్ళడిగింది. నర్సు పొయ్యొచ్చంది. ఫ్లాస్కు ఆయన చేతిలోనే ఉంది. పొద్దున్నే లేచి, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా ఆయనే కాచి నింపారు. మూత తీసి గ్లాసులో పోశారు. పోసి, పిల్లకివ్వకుండా నా వైపు చూశారు.

"ఇవ్వచ్చా?" అన్నారు.

ముప్పయ్యారేళ్ళ కాపురంలో నీళ్ళ గురించి ఆయన నన్ను ఏదన్నా అడగడం అదే మొదటిసారి.

"మీరే కదండీ కాచింది," అన్నాను.

"అందుకే అడుగుతున్నా," అన్నారు.

ఇవ్వండి, అన్నాను. పిల్ల గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు పొయ్యమంది.

నీ
దయ